ఊహించకు, అడుగు!



నేడు ఏ నలుగురు విద్యార్థులు కూడినా కృత్రిమ మేధ గురించే మాట. అది ఉద్యోగాలు తింటుందా, పెడుతుందా అని వాదులాడుకుంటున్నాం. నేను అంత పెద్ద విషయం జోలికి పోను. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, పనిముట్టు గురించి మాత్రం రెండు మాటలు మనవి చేస్తాను.

ఏఐ ఏజెంటు అనేది వట్టి కబుర్లు చెప్పేది కాదు. మనం ఒప్పజెప్పిన పనికి తగిన టూల్‌ను, అనగా మరొకరు రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామును, తానే ఎంచుకుని పిలుస్తుంది. ఇందుకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. ఆ పద్ధతిలో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, అది కోరే అంశాల పట్టిక ఉంటాయి. ఏజెంటు వీటిని చూసే టూల్‌ను ఎంచుకుంటుంది. లోపలి కోడు మామూలుగా దాని కంటబడదు. కనుక ఆ నాలుగు వాక్యాల వివరణే దానికి కళ్ళూ చెవులూ.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నష్టపోయి తెలుసుకున్నాను.

మాకు మల్బరీ తోట ఉంది. పట్టుగూళ్ళు అమ్మాలంటే హిందూపురమన్నా పోవాలి, రామనగరమన్నా పోవాలి. గూట్లోని పురుగు మన బేరం తెగేదాకా కాచుకోదు. రోజులు గడిస్తే రెక్కలొచ్చి గూడు తొలుచుకుని వస్తుంది, ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. నాయనకు సాయంగా ఉంటుందని రెండు మార్కెట్ల ధరలు చెప్పే టూల్ ఒకటి రాసి, ఏజెంటుకు తగిలించాను. కోడుకు రెండు వారాలు పట్టింది. వివరణకు అర నిమిషం. ‘గూళ్ళ ధర ఇస్తుంది’ అని రాసి ఊరుకున్నాను.

“యాడ ధర ఎక్కువుంది?” అని నాయన అడిగాడు. ఏజెంటు తడుముకోకుండా రామనగరం అంది. బండి బాడుగకు మాట్లాడుకుని పోయాడు. తీరా చూస్తే, అది చెప్పిన రామనగరం ధర తెల్లని బైవోల్టిన్ గూళ్ళది, హిందూపురం ధర పసుపు పచ్చని సంకర రకానిది. మావి సంకర రకం గూళ్ళు! రాత్రి ఇంటికొచ్చిన నాయన నన్ను తిట్టలేదు. “దాన్నేమనేది లేదులేరా. రకం ఏదని అడగమని నువ్వు చెప్పలేదు గదా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే వివరణ తిరగరాశాను: ‘పట్టుగూళ్ళ ధరను కిలోకు ఇన్ని రూపాయలని ఇస్తుంది. మార్కెట్ పేరు, గూళ్ళ రకం రెండూ తప్పనిసరి. రకం తెలియకపోతే ఊహించకు, రైతును అడుగు. వేర్వేరు రకాల ధరలు పోల్చకు. ధరతోపాటు తేదీ చెప్పు. ధర దొరకలేదంటే సున్నా అని అర్థం కాదు.’ కోడులో ఒక్క అక్షరం మార్చలేదు. అదే ఏజెంటు ఆనాటి నుంచి ముందు “ఏ రకం?” అని అడుగుతోంది.

“యంత్రాలు ఇంకా తెలివి మీరుతాయి, ఈ రాతకోతలెందుకు?” అని ఒక మిత్రుడన్నాడు. ఎంత తెలివైన కూలివాడైనా మన చేనికి కొత్తగా వస్తే ఏ గట్టు దాకా మనదో చెప్పాలి కదా! తెలివి వేరు, తెలియడం వేరు. 1999లో అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని దగ్గర నాశనమైంది. ఒక వర్గం పౌండ్లలో లెక్క ఇస్తే, రెండో వర్గం న్యూటన్లనుకుంది. అక్కడ తెలివిగలవారికి కొదవా?

మన పెనుకొండ ప్రాంతంలో విజయనగర కాలపు శాసనాలున్నాయి. నాటి దానశాసనాలు ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో, భూమి ఎల్లలేమిటో, మీరినవాడికి ఏ పాపమో కూడా చెప్పేవి. టూల్ వివరణకు కావలసిందీ అదే: ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎల్లలెక్కడ, తప్పితే ఏమవుతుంది. అయితే పురాణం అక్కర్లేదు. ఏజెంటు ఎన్నో టూళ్ళ వివరణలు ఒక్కసారే చదవాలి, అనవసరపు మాట దానికీ బరువే. ధర్మవరం మగ్గం మీద జకార్డు అట్టలో ఒక్క రంధ్రం తప్పినా అంచున పువ్వు చెడుతుంది.

2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వ సేవలు ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోకి వచ్చాయి. రేపు ఏజెంట్లే మన అర్జీలు పెట్టవచ్చు, డబ్బు కట్టవచ్చు. ధర చెప్పే టూల్ తప్పితే బాడుగ పోతుంది. పాసుపుస్తకంలో పేరు మార్చే టూల్ తప్పితే ఏం పోతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కర్లేదు. అలాంటి టూల్ వివరణలో ‘ఇది మార్పు చేస్తుంది, మనిషి ఒప్పుకోనిదే పిలవకు’ అని ఉండి తీరాలి. ఆ మాట ఒక్కటే చాలదు, కోడులోనూ అడ్డుగడియ ఉండాలి.

కనుక అధ్యాపకులకు నా మనవి: ప్రాజెక్టులో కోడుకిచ్చినన్ని మార్కులు వివరణకూ ఇవ్వండి. బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు సెలవుల్లో వచ్చి మా వివరణలు దిద్దిపెట్టండి. సోదర విద్యార్థులారా! గూళ్ళ రకాలు, మగ్గం లెక్కలు, శెనక్కాయ మూటల తూకాలు ఎక్కడో కూర్చుని కోడు రాసేవాడికి తెలియవు, మనకు తెలుసు. తెలిసినవాళ్ళం రాయకపోతే యంత్రం ఊహిస్తుంది. దాని ఊహకు బాడుగ కట్టేది మన నాయనలే.