నల్లమల అవతల సముద్రం

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో కారులో దిగిన కొడుకు, రెండో రోజుకే ఒక మాట లేవదీస్తాడు. "మహానందీ అహోబిలమూ ఎప్పుడూ చూసేవే కదా, ఈసారి అందరం కారేసుకొని సముద్రానికి పోదాం." నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇళ్లల్లో ఈ మాటకు రెండు పక్షాలు తయారవుతాయి. పిల్లలు ఒకవైపు, జేజి ఇంకోవైపు. మధ్యలో, పోయినా పోకపోయినా పని తప్పని ఇల్లాలు. ఎవరినీ తీసిపారేయలేం.

ముందు ఏ కాలంలో పోవాలన్న సంగతి. బడికి పొడుగు సెలవులు ఎండాకాలంలోనే ఉంటాయి కానీ, మే నెలలో నంద్యాల ఎండలో బయల్దేరి ఒంగోలు ఉక్కలో దిగడం విహారం కాదు, శిక్ష. డిసెంబరును నమ్మలేం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరి నడిమికి ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి ఆకాశం తేటపడుతుంది. పైగా ఎండాకాలంలో కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకొని ఉంటాయి, పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఇసుక మీదికి వచ్చేదీ ఆ రోజుల్లోనే. కొడుకు పక్షానికి ఇది గట్టి బలం.

దారులు రెండు. ఆళ్లగడ్డ వాళ్లకు 40వ నంబరు జాతీయ రహదారి ఇంటి ముందే ఉంది. చాగలమర్రి మీదుగా మైదుకూరు, అక్కడ తూర్పుకు తిరిగి బద్వేలు, నెల్లూరు, చివరికి మైపాడు. నంద్యాల వాళ్లది గాజులపల్లె దాటి నల్లమల ఘాట్ ఎక్కే దారి. గిద్దలూరు, కంభం, మార్కాపురం, పొదిలి, ఒంగోలు, ఆపైన కొత్తపట్నం. ఏ దారిన పోయినా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. మొదటిది నున్నటి దారి, రెండోది చూడదగ్గ దారి.

నా మొగ్గు రెండోదానికే. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువులో నిండి, మళ్లీ బయల్దేరి ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కారు పోయేదీ చాలా దూరం ఆ నది తోవలోనే. కొండకు ఇవతల కురిసిన వాన మాత్రం కుందూలో పడి, పెన్నలో కలిసి, నెల్లూరు దాకా చుట్టు తిరిగిపోతుంది. ఒకే కొండ మీద పడిన చినుకులు రెండు దారులు పట్టి ఒకే సముద్రానికి ఎలా చేరతాయో పదేళ్ల పిల్లకు పుస్తకంలో చెప్తే ఎక్కదు, ఘాట్ మలుపులో కారాపి చూపిస్తే ఎక్కుతుంది. కంభంలో ఒక గంట ఆగాలి. రెండు కొండల నడిమి సందును మూసి విజయనగర కాలంలో కట్టిన కట్ట అది; శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. మన పొలాలకు నీళ్లు పారే కేసీ కాలువకూ అదే ఏడు అదే గుర్తింపు దక్కింది. ఆ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసునో!

ఇక జేజి పక్షం. ఘాట్ మొదలైన పావుగంటకే ఏడు సీట్ల బండి వెనక వరసలో కూర్చున్న పిల్లకు కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూపించేలోపే పని అయిపోతుంది. బండి ఆపితే కోతులు చుట్టుకుంటాయి, కవర్లో ఉన్న నిప్పట్లు వాటి పాలు. చీకటి పడితే అది చిరుతలు తిరిగే అడవి. సముద్రం దగ్గర సాయంత్రం దాకా ఉండి రాత్రికి రాత్రి ఇల్లు చేరదామనే లెక్క మొగవాళ్లు వేస్తుంటారు, ఆ లెక్క వద్దు. ఒక రాత్రి ఒంగోల్లో పడుకోవాల్సిందే.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఎవరూ పైకి అనరు. గిద్దలూరుకూ ఒంగోలుకూ మధ్య ఆడవాళ్లు నిశ్చింతగా వెళ్లగలిగే మరుగుదొడ్డి వెతుక్కోవాలి. పెట్రోలు బంకులో ఉంటుంది, దానికి తాళం కూడా ఉంటుంది. అందుకే జేజి పొద్దున్నుంచి నీళ్లు తాగదు, సాయంత్రానికి తలనొప్పి అంటుంది, అందరూ ఎండ తగిలిందంటారు. జపాన్‌లో చలికాలంలోనూ కుటుంబాలు సముద్రపు ఒడ్డు దారుల్లో కార్లలో తిరుగుతాయి. అక్కడ మిచి నో ఎకి అనే దారి మజిలీలున్నాయి. 1993లో మొదలైన ఇవి ఇప్పుడు 1,200 దాటాయి. రాత్రీ పగలూ తెరిచి ఉండే మరుగుదొడ్లు, బండి నిలుపుకునే జాగా, పక్క ఊళ్ల రైతుల కూరగాయలు, తినుబండారాలు, అన్నీ ఒకేచోట. మార్కాపురం దగ్గర అలాంటిది ఒక్కటి పెడితే జేజి అభ్యంతరం సగం తీరిపోతుంది. పెట్టేదాకా ఆమె మాటే న్యాయం.

రైలు సంగతీ ఆలోచించాలి. నంద్యాల నుంచి కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా మచిలీపట్నంలో దించుతుంది, అక్కడికి మంగినపూడి తీరం ఎంతో దూరం లేదు. కడుపు తిప్పడం లేదు, మరుగుదొడ్డి ఉంది, ఖర్చు తక్కువ. అయితే అది రాత్రి బండి. నల్లమల సొరంగమూ అడవీ అన్నీ నిద్రలోనే దాటిపోతాయి. ఆళ్లగడ్డకు ఆ వీలూ లేదు, ఊరికి రైలే లేదు. సముద్రం ఒక్కటే కావాలంటే రైలు, దారి కూడా కావాలంటే కారు.

సముద్రం దగ్గర ఇంకో జాగ్రత్త. మన పిల్లలకు బావిలో, కాలువలో ఈత వస్తుంది. ఆ ధైర్యమే ముప్పు. కాలువ నీళ్లు ఒకవైపే లాగుతాయి, అల ముందుకు తోసి కాళ్ల కింది ఇసుకతో సహా వెనక్కి లాగుతుంది. సూర్యలంక, రామాపురం తీరాల్లో సెలవు రోజుల్లో మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. మోకాలి లోతు దాటనివ్వకూడదు. ఇందులో బేరం లేదు.

ఇల్లాలి మాటకొస్తే, పండగకు ముందు వారమంతా అత్తిరసాలు, నిప్పట్లు, ఓళిగలతో నడుము పడిపోయి ఉంటుంది. ఆమెను ఎనిమిది మందికి పులిహోర కలపమని నాలుగు గంటలకే లేపి, దానికి విహారం అని పేరు పెట్టడం బాగుండదు. ఉగ్గాని బజ్జీ దారిలో దొరికినంత దూరం దొరుకుతుంది, తర్వాత ఇడ్లీ. బయట తిందాం అన్న మాట కొడుకు ముందే ఇస్తే, ఆమె ఓటు అటే పడుతుంది.

కాబట్టి పోవచ్చనే నా లెక్క, కానీ పండగ మూడు రోజుల్లో వద్దు. కనుమ దాటి బడి తెరిచేలోగా దొరికే రోజులు చాలు. కాకపోతే ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకు ఇంకో లెక్క ఉంది. కనుమ నాడే అహోబిలం స్వామి పార్వేటకు బయల్దేరతాడు. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ పల్లకిలో సుమారు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఆ పల్లెల్లో అసలు పండగ స్వామి వచ్చిన రోజే. ఆడబిడ్డలను పిలుచుకుంటారు, ఇంటినిండా చుట్టాలే. ఏ రోజు ఏ ఊరో ముందే ఖాయం. కొత్తపట్నం అలలు ఫిబ్రవరిలోనూ ఉంటాయి, స్వామి మాత్రం మీ ఊరికి ఏడాదికి ఒకసారే వస్తాడు. ఆ తారీకు జేజికి నోటికొచ్చు, ఒంగోల్లో గదులు మాట్లాడే ముందు ఆమెను అడగండి.