తల తెగిన దేవుడికి నెల, గుండె చిల్లుపడ్డ పిల్లకి ఐదేళ్లు

2020 డిసెంబర్ చివర్లో మా రామతీర్థం బోడికొండ మీద రాముడి విగ్రహం తల నరికేశారు. గుర్తుందిగా? ఆ వారం మా రోడ్డు మీద తిరిగినన్ని కాన్వాయ్‌లు నేనెప్పుడూ చూళ్లేదు. చంద్రబాబు వచ్చారు, విజయసాయిరెడ్డి వచ్చారు, బీజేపీ వాళ్లు ‘చలో రామతీర్థం’ అన్నారు. తిరుపతిలో కొత్త విగ్రహాలు చెక్కించి నెల తిరిగేసరికి తెచ్చి బాలాలయంలో నిలబెట్టారు. మూడు కోట్లతో కొండమీద గుడి మళ్లీ కట్టి 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ కూడా చేసేశారు. తప్పనడం లేదు. బాగుచెయ్యాలని అనుకుంటే సర్కారుకి ఎంత వేగం వస్తుందో చెప్తున్నానంతే.

ఆ కార్లు పోయిన దారికి దగ్గర్లోనే మా అప్ప ఇల్లు. అప్పటికి దాని చిన్నకూతురికి నాలుగేళ్లు. గుండెలో చిల్లుందని అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.

పుట్టిన రెండో నెల నుంచే అప్ప చెప్తోంది. “తమ్ముడా, పాలు తాగితే దీనికి సెమటలు పోసేస్తన్నాయి. రెండు గుక్కలేసి ఒగ్గేస్తంది.” ఊళ్లో ఆర్‌ఎంపీ నిమ్మన్నాడు. ఒక ఆసుపత్రిలో బలానికి టానిక్ రాశారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలకి తీసుకెళ్లింది. మూడుసార్లూ సూది గుచ్చారు గానీ, ఛాతీ మీద స్టెతస్కోపు ఒక్కరూ పెట్టలేదు. ఐదో ఏట ఒక పెద్దాసుపత్రిలో ఎకో తీశారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట: “మేనరికమా?” రెండోది: “ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?”

మేనరికం వల్ల ముప్పు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది విషయంలో ఫలానాదే కారణమని ఏ డాక్టరూ చెప్పలేడు. ప్రపంచమంతటా ప్రతి వెయ్యి కాన్పుల్లో ఎనిమిది తొమ్మిది మంది గుండె లోపంతోనే పుడతారు. దొరల ఇళ్లలోనూ పుడతారు. తేడా ఎక్కడంటే, వాళ్ల పిల్లకి వారంలో ఎకో అవుతుంది, మా పిల్లకి ఐదేళ్లు పడుతుంది. ఆ ఐదేళ్ల బాధ్యత మాత్రం తల్లి నెత్తిన పెడతారు.

దీని లెక్క వినండి. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద చిల్లు ఉంటే నెత్తురు ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పోతుంది. అందుకే ఆ చెమట, ఆయాసం, మాటిమాటికీ నిమ్ము. ఏడాదిలోపు మూసేస్తే చాలావరకు అందరి పిల్లల్లాగే పెరుగుతారు. వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిపోయి ప్రవాహం తిరగబడుతుంది. పెదాలు నీలం తిరుగుతాయి. అప్పుడు చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు. మా పిల్ల అక్కడుంది. ఆరోగ్యశ్రీ కార్డుంది, ఆపరేషన్ లేదు.

ఆరోగ్యశ్రీ పుట్టుకే ఈ పిల్లలతో ముడిపడి ఉందని ఎంతమందికి తెలుసు? 2004లో పన్నెండేళ్ల లోపు పిల్లల గుండె ఆపరేషన్లకి సాయం చెయ్యడంతో మొదలైంది. అదే పెరిగి 2007 ఏప్రిల్ 1న పథకమైంది. మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ ఆ డబ్బు ఆపరేషన్ బల్ల దగ్గర మొదలౌతుంది. బల్ల దాకా పిల్లని ఎవరు చేర్చాలి? బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు పార్టీల పాలనలోనూ చూశాం. 2021లో తిరుపతిలో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచారు, మంచిదే. ఇక్కణ్నుంచి దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. విగ్రహాలైతే తిరుపతి నుంచి మా ఊరొచ్చాయి. పిల్లలేమో ఇక్కణ్నుంచి తిరుపతి పోవాలి, తల్లిదండ్రులు కూలి మానుకుని.

1944 నవంబర్ 29న బాల్టిమోర్‌లో నీలిపిల్లలకి చేసిన మొదటి ఆపరేషన్ గురించి విద్యార్థి మిత్రులు చదవండి. పేరు బ్లాలాక్, టాసిగ్‌లది. కుక్కల మీద ఆ పద్ధతిని సాధన చేసి, ఆ రోజు బ్లాలాక్ వెనక స్టూలెక్కి నిలబడి ఎలా కుట్టాలో చెప్పినవాడు వివియన్ థామస్, నల్లవాడు. పరిశోధన చేయించుకుంటూనే ఏళ్లపాటు ఊడ్చేవాడి హోదాలో జీతమిచ్చారు. గౌరవ డాక్టరేటు ఇవ్వడానికి 1976 దాకా ఆగారు. మనవాడి చెయ్యి కావాలి, పేరు అక్కర్లేదు. ఈ కథ మనకి కొత్తా?

ఇక పని. పుట్టిన ఒక రోజు తర్వాత బిడ్డ కుడిచేతికి, ఒక పాదానికి ఆక్సీమీటర్ పెట్టి చూడాలి. 95 కంటే తక్కువున్నా, రెండింటికీ తేడా 3 దాటినా మళ్లీ చూసి ఎకోకి పంపాలి. కరోనాలో ఊరూరా వేలికి తగిలించిన ఆ క్లిప్పు రకమే, పసిపిల్లల సైజుది. అది అన్ని లోపాల్నీ పట్టదు. మా పిల్ల చిల్లుని పట్టేది కాదేమో కూడా. దానికి టీకా రోజున రెండు నిమిషాలు స్టెతస్కోపు పెట్టాలి. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గుండె లోపాలు ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చూడాలని కాగితం మీద ఉంది.

అందుకే సమాచార హక్కు దరఖాస్తు రాశాను. నెల్లిమర్ల మండలంలో కాన్పులయ్యే ప్రతి సర్కారు ఆసుపత్రినీ మూడు ప్రశ్నలు అడిగాను: పోయిన ఏడాది ఎంతమంది పుట్టారు, ఎంతమందికి ఆక్సీమీటర్ పెట్టారు, ఎంతమందిని ఎకోకి పంపారు. మీ మండలానికి మీరూ వెయ్యండి. తెల్లకార్డుంటే రుసుము కూడా లేదు. నమూనా కావలసినవాళ్లు అడగండి, పంపుతాను.

శివరాత్రి జాతరకి పిల్లలంతా కొండెక్కుతుంటే మా పిల్ల కోనేటి గట్టు మీద కూచుని చెప్పులకి కాపలా కాసింది. “మావా, పైనేటుంది?” అనడిగింది. కొత్త గుడి అన్నాను.