తెరచాటు పుటలు

మన కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ నిఘంటువుల అరల ప్రక్కన ఒక ఇనుప బీరువా కలదు. పాత వార్షికోత్సవాల వీడియో క్యాసెట్లు, ముషాయిరాలను కవి సమ్మేళనాలను రికార్డు చేసిన ఆడియో క్యాసెట్లు అందులో పేర్చబడి ఉన్నవి. వాటిని నడిపే యంత్రం మూలబడి చాలా ఏండ్లయినది. ఈ ఏడాది ఆ బీరువాను ఖాళీ చేసి కంప్యూటర్ సామగ్రికి కేటాయించవలెనను ఆలోచన కార్యవర్గం ముందుకు వచ్చినది. చోటు కొరత అందరికీ తెలిసినదే కనుక ఆ ఆలోచనను తప్పు పట్టుట మా ఉద్దేశం కాదు. అయితే ఆ క్యాసెట్లు పాత సామానుల వాని బండి ఎక్కుటకు ముందు, పరదేశంలో జరిగిన ఒక ముచ్చటను విద్యార్థి మిత్రులకును, కార్యవర్గ పెద్దలకును విన్నవించవలెనని తోచినది.

ఇంటర్నెట్ ఇండ్లలోనికి రాని రోజులలోనే బ్రిటన్ ప్రజలు టెలివిజన్ తెర మీద వార్తలు చదువుకొనిరి. బి.బి.సి. సంస్థ 1974 సెప్టెంబరు 23న సీఫాక్స్ అను సేవను ప్రారంభించినది. వాస్తవాలను చూడుమని ఆంగ్లంలో అర్థం వచ్చునట్లు చేసిన పదచమత్కారమే ఆ పేరు. వినికిడి లేని వారికి సంభాషణలను అక్షరాలలో చూపు మార్గం వెదకుచుండగా అక్కడి ఇంజనీర్లకు ఈ ఊహ కలిగినది. ఆనాటి టెలివిజన్ బొమ్మ 625 అడ్డగీతలతో కూడినది. వాటిలో ఇంచుమించు 50 గీతలు మన కంట పడవు. ఒక బొమ్మ ముగిసిన తరువాత కిరణం తెర అడుగు నుండి పై అంచునకు మరలుటకు విడిచిన వ్యవధి అది. ఆ ఖాళీ గీతలలో అక్షరాలను సంకేతాలుగా ఇమిడ్చి పంపిరి. వాటిని విప్పగల పరికరం ఉన్న టెలివిజన్ మీద మూడంకెల సంఖ్య నొక్కినచో బొమ్మకు బదులు అక్షరాల పుట ప్రత్యక్షమగును. పుటకు 24 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. అంతకు మించి ఒక్క అక్షరమైనను పట్టదు. వార్త ఎంత పెద్దదైనను ఆ కొలతలోనే చెప్పవలెను. వ్యాసరచన అభ్యసించు మన విద్యార్థులకు అది మంచి వ్యాయామమని మాకు అనిపించును!

మొదట 30 పుటలే ఉండెడివి. క్రమంగా అవి వందలకు పెరిగినవి. 100వ పుట విషయసూచిక. 888వ పుట వినికిడి లేని వారి కొరకు. వాతావరణం, వాటాల ధరలు, ఫుట్‌బాల్ ఫలితాలు అన్నియు అందులోనే. కాని కోరిన పుట కోరిన క్షణాన రాదు. పుటలన్నియు రంగులరాట్నం గుర్రాల వలె ఒకదాని వెనుక ఒకటి తిరుగుచుండును. మన పుట వంతు వచ్చువరకు వేచి ఉండవలసినదే. ఒక పుట తప్పిపోయినచో మరల రాట్నం తిరిగి రావలెను.

ఫ్రాన్సులో 1982 నుండి టెలిఫోన్ తీగకు తగిలించిన మినిటెల్ వ్యాపించినది. మన దేశంలోను దూరదర్శన్ 1985లో ఢిల్లీలో ఇంటెక్స్ట్ పేరిట ఇట్టి సేవనే మొదలుపెట్టినది గాని, అది మన ఇండ్ల ముచ్చట కాలేదు. మినిటెల్ 2012 జూన్ 30న, సీఫాక్స్ అదే ఏడాది అక్టోబరు 23న కన్ను మూసినవి.

సీఫాక్స్‌ను తలచుకొని నిట్టూర్చు వారు నేటికిని బ్రిటన్‌లో కలరు. ఆ బెంగలో కొంత అతిశయం ఉన్నదని మా అభిప్రాయం. పుట కొరకు ఎదురుచూచుచు విసుగుకొన్న వారే నేడు ఆ ఎదురుచూపును మధురమని చెప్పుకొనుచున్నారు. నెమ్మది అంతయు సుగుణం కాదు. ఒక్క విషయంలో మాత్రం వారి పక్షమే మేము వహింతుము. ప్రసార కేంద్రం నుండి ఇంటికి పుటలు వచ్చుటయే గాని, ఇంటి నుండి కేంద్రానికి పోవునది ఏదియు లేదు. ఎవరు ఏ పుట చదివిరో ఆ కేంద్రం ఎరుగదు. మన చేతిలోని ఫోను విషయంలో ఆ మాట అనగలమా?

అది అటుంచుదము. మేము చెప్పదలచిన అసలు ముచ్చట సేవ ముగిసిన తరువాత నడిచినది. నిత్యం మారిపోవు ఆ పుటలను భద్రపరచవలెనని ప్రసార సంస్థలకు తోచినది చాల తక్కువ. నిన్నటి పుట మీద నేటి పుట, అంతటితో సరి. కాని అదే కాలంలో ఇంటింట వి.హెచ్.ఎస్. యంత్రాలుండెను. ఎవరో ఒక నాటకాన్నో, ఆటనో టేపు మీద ఎక్కించుకొనిరి. బొమ్మతో పాటు కంటికి కనబడని ఆ గీతలు కూడ టేపులోనికి చేరినవి. అయితే అర అంగుళం వెడల్పు గల ఆ టేపునకు అంత సూక్ష్మమైన సంకేతాన్ని నిలుపు శక్తి లేదు. అక్షరాలు అలికిన ముగ్గు వలె కలిసిపోయినవి. టెలివిజన్ వాటిని చదువలేకపోయెడిది. ఇటీవలి కాలంలో కొందరు ఔత్సాహికులు పాత టేపులను సేకరించి కంప్యూటరుకు అప్పగించిరి. ఒకే పుట ఆ టేపులో పదే పదే వచ్చియున్నది గదా! ఆ ప్రతులన్నిటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, చెరిగిన అక్షరాన్ని చెరగని దానితో పూరించి, కంప్యూటర్ పుటను నిలబెట్టినది. నాడు వీక్షకులను విసిగించిన ఆ రాట్నపు తిరుగుడే నేడు పుటలను బ్రతికించినది. నాటకం కొరకు టేపు దాచుకొన్న గృహస్థు తాను ఒక వార్తాపత్రికను కూడ దాచుచున్నానని ఎరుగడు.

ఇట్టిదే మరొకటి. డాక్టర్ హూ అను ధారావాహిక యొక్క 1960ల నాటి భాగాలలో తొంబదికి పైగా బి.బి.సి. వద్ద మిగులలేదు. టేపులను తుడిచి వాడుకొనిరి, ఫిల్ములను పారవేసిరి. కాని ఆ భాగాలన్నిటి ధ్వని నేటికిని వినబడుచున్నది. కారణం, ఇండ్లలో కొందరు అభిమానులు టెలివిజన్ ధ్వనిని టేప్ రికార్డరులో పట్టి ఉంచుకొనుటయే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అను మహిళ, ఒకప్పటి గ్రంథాలయ ఉద్యోగిని, 1979 మొదలు 2012లో మరణించువరకు టెలివిజన్ వార్తలను ఎడతెగక రికార్డు చేసినది. ఆమె విడిచిపోయిన టేపులు డెబ్బది వేలకు పైచిలుకు. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు చేరినవి.

మా ఇంటి మాట కూడ చెప్పుకొనక తప్పదు. మా మామూ కువైట్‌లో పని చేయునప్పుడు, అక్షరజ్ఞానం లేని మా నానీ క్యాసెట్టులో మాట్లాడి, ఊరి వారెవరైన వెళ్ళునప్పుడు పంపెడిది. మామూ తిరిగి వచ్చునప్పుడు ఆ క్యాసెట్లను మూట గట్టి తెచ్చినాడు. వాటి మీద మరేదియు ఎక్కకుండ వెనుకనున్న ప్లాస్టిక్ పలుకులను విరిచి ఉంచినాడు. మేము పదేండ్ల వయసున, ఆ సందులలో కాగితం కూరి సినిమా పాటలు ఎక్కించుకొంటిమి. నానీ పోయిన తరువాత వెదకగా, ఒక క్యాసెట్టు చివర పాట ఆగిపోయిన చోట నాలుగు మాటలు మిగిలినవి. అన్నం వేళకు తినుచున్నావా అని అడుగుచున్నది. ఆపైన టేపు అయిపోయినది. మామూ ఈనాటికిని మమ్ములను ఒక్క మాట అనలేదు.

కావున కార్యవర్గ పెద్దలకు మా విన్నపం ఇంతమాత్రమే. బీరువా తప్పక ఖాళీ చేయుదురు గాక, కాని ముందుగా ఒక్కొక్క క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కింపుడు. ఆలస్యమునకు వ్యవధి లేదు. వి.హెచ్.ఎస్. యంత్రాలను చివరి వరకు తయారు చేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని విరమించినది. ఇక మిగిలినవి పాత యంత్రాలే. అవి విద్యార్థుల ఇండ్ల అటకల మీద ఉండవచ్చును. బూజు పట్టిన టేపును మాత్రం శుభ్రపరచనిదే నడపరాదు. టేపు చెడును, యంత్రమును చెడును.

ఈ వ్యాసం వ్రాయుటకు ముందు మేము ఆ బీరువా తెరచి చూచితిమి. ఒక క్యాసెట్టు మీద 1988 ముషాయిరా, రెండవ భాగం అని ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఉన్నది. మొదటి భాగం అరలో లేదు. ఆనాటి విద్యార్థుల ఇండ్లలో ఎవరి వద్దనైన ఉన్నచో గ్రంథాలయానికి తెలుపగోరుచున్నాము.