చివరి రోజుల నొప్పీ రైతు సమస్యే

రైతు సంఘం పత్రికలో క్యాన్సర్ గురించి రాతలేమిటని కొందరు అడగవచ్చు. మద్దతు ధర, కౌలు గుర్తింపు, పంట బీమా అన్నీ అలాగే ఉండగా ఇదెక్కడి గోల అనవచ్చు. మేం ఊళ్లలో తిరిగి అప్పుల లెక్కలు అడిగినప్పుడల్లా విత్తనాలు, ఎరువుల పక్కనే ఆసుపత్రి ఖర్చు వినబడుతోంది. అందులో కొంత, ఇక నయం కాదని డాక్టర్లే తేల్చాక చివరి నెలల్లో చేసిన అప్పు. అంత ఖర్చు పెట్టినా మనిషి నొప్పితోనే పోయాడని ఇంట్లోవాళ్లు చెబుతున్నారు. మాకు కోపం తెప్పిస్తున్నది ఈ మాటే.

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి." ఈ మాట వినని ఊరు లేదు. నయం చేయలేం అనడం వేరు, చేసేదేం లేదు అనడం వేరు. మొదటిది నిజం కావచ్చు. రెండోది చాలాసార్లు అబద్ధం.

రేడియేషన్‌ను మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. అది జబ్బును పూర్తిగా చంపడానికే అని చాలామంది అనుకుంటారు. జబ్బు ముదిరిన వాళ్లకు బాధ తగ్గించడానికి కూడా దాన్ని వాడతారు. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఎముకలకు పాకినప్పుడు మంచం మీద పక్కకు తిరగడానికి కూడా వీలుకాని నొప్పి వస్తుంది. ఆ ఎముక మీద రేడియేషన్ పెడితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌లో ఆగని రక్తస్రావాన్ని ఆపవచ్చు. అన్నవాహికలో గడ్డ అడ్డుపడి గంజి కూడా దిగని మనిషికి మింగే దారి కొంత తెరవవచ్చు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే పుండు ముదిరి రక్తం, వాసన మొదలైతే దానికీ ఇది పనికొస్తుంది. ఆయుష్షు పెంచుతామని ఎవరూ చెప్పడం లేదు. ఉన్నన్ని రోజులు నిద్రపోనివ్వడమే దీని పని.

ఇక అసలు సంగతి. ఎముక నొప్పికి చాలామందికి ఒకే ఒక్క రోజు, 8 గ్రే మోతాదు సరిపోతుంది. ఇది మేం కనిపెట్టింది కాదు. నెదర్లాండ్స్‌లో వెయ్యికి పైగా రోగుల మీద ఒక్క రోజు చికిత్సను ఆరు రోజుల చికిత్సతో పోల్చి 1999లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి తగ్గడంలో తేడా కనబడలేదు. 2012లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి లెక్క వేస్తే, ఒక్కసారి పెట్టించుకున్న వాళ్లలో నూటికి 60 మందికి, చాలాసార్లు పెట్టించుకున్న వాళ్లలో 61 మందికి ఉపశమనం దొరికింది. తేడా ఒక్క చోటే ఉంది. ఒక్కసారితో సరిపెట్టిన వాళ్లలో నూటికి 20 మందికి మళ్లీ పెట్టాల్సి వచ్చింది, రెండో రకంలో 8 మందికి. అయినా సరే, మిగతా 80 మందికి ఒక్క రోజుతో పని అయిపోయినట్టే కదా.

అందరికీ ఒక్క రోజు చాలదు, ఆ మాట కూడా చెప్పాలి. ఎముక విరిగినా, విరిగేలా ఉన్నా, గడ్డ వెన్నుపామును నొక్కుతున్నా లెక్క వేరు. క్యాన్సర్ ఉన్న మనిషికి నడుంనొప్పితో పాటు కాళ్లు తేలిపోవడం, తిమ్మిరెక్కడం, మూత్రం బిగదీయడం మొదలైతే పొద్దున్నే వెళ్దామని ఆగకూడదు. ఆ రోజే తీసుకెళ్లాలి. కాళ్లు పూర్తిగా పడిపోయాక పెట్టిన రేడియేషన్ వాటిని తిరిగి నిలబెట్టడం కష్టం. ఇంకొకటి, నొప్పి మర్నాడే పోదు. రెండు మూడు వారాలు పట్టవచ్చు, మొదటి రోజుల్లో కొందరికి పెరగవచ్చు కూడా. ఇది ముందే చెప్పకపోతే "కరెంటు పెట్టి చంపారు" అంటారు, అనడంలో వాళ్ల తప్పు లేదు.

ఇప్పుడు పది రోజుల చికిత్స లెక్క చూద్దాం. శని, ఆదివారాలు మిషన్ ఆగుతుంది కాబట్టి పది సార్లంటే పన్నెండు రోజులు పట్నంలో ఉండాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. రోగికి తోడు ఒకరు, తిండికి, గదికి డబ్బు, ఆటోలకు డబ్బు. పత్తి తీతల రోజులైతే ఇంటి దగ్గర చేను అలాగే ఉంటుంది. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదంటారు, సరే, తుంటి ఎముకలో గడ్డ ఉన్న మనిషిని ఆ బస్సు సీటులో ఏడు గంటలు ఎవరు కూర్చోబెడతారు? కారు మాట్లాడుకోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేది ఈ ఖర్చులకే. చికిత్స ఆరోగ్యశ్రీలో ఉచితమే కావచ్చు, చుట్టూ ఉన్నదేదీ ఉచితం కాదు.

ఒక్క రోజుతో అయ్యేదానికి పది రోజులు ఎందుకు తిప్పుతున్నారు? కొందరు డాక్టర్లకు అలవాటు. రోజుల లెక్కన బిల్లు వేసే చోట ఇంకో కారణం ఉంటుంది, అది మేం విప్పి చెప్పనక్కర్లేదు. మిషన్ల కొరత గురించి గొంతు చించుకునే పాలకులకు మా ప్రశ్న ఒక్కటే. పది మందికి సరిపోయే మిషన్ టైమును ఒక్కరి మీద పెట్టడం కొరతను పెంచడం కాదా?

మార్ఫిన్ కథ ఇంకా ఘోరం. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ జిల్లాల్లో, రాజస్థాన్‌లో రైతులు ప్రభుత్వ లైసెన్సు మీద నల్లమందు పండిస్తారు. ఆ పంటను కొనేది కేంద్ర ప్రభుత్వమే. శుద్ధి చేసే ఫ్యాక్టరీలు నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ఉన్నాయి. మార్ఫిన్ వచ్చేది అందులోంచే. రైతు పండించిన మందు ఇంకో రైతు నొప్పికి అందదు! 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో ఆసుపత్రులు దాన్ని ముట్టుకోలేదు. 2014లో ఆ చట్టం సవరించి గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు. అయినా మార్ఫిన్ మాత్ర కోసం జిల్లా దాటి పోవాల్సిన మనుషులు మన మధ్య ఉన్నారు.

తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. పట్టాదారు పాసు పుస్తకం ఉండి, 59 ఏళ్లు దాటకుండా చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు. కౌలు రైతుకు అది లేదు, ఆ గొడవ ఎన్నోసార్లు రాశాం. ఇక్కడ మేం అడుగుతున్నది వేరు. చచ్చాక ఐదు లక్షలు ఇవ్వగల ప్రభుత్వం బతికుండగా ఒక్క రోజు రేడియేషన్‌కు బండి పెట్టలేదా?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో క్యాన్సర్ డే కేర్ సెంటర్లు పెడతామన్నారు. మంచిదే. కానీ కీమో ఎక్కించే మంచాలు నాలుగు వేసి బోర్డు తగిలిస్తే ఒప్పుకోకూడదు. అక్కడ మార్ఫిన్ ఉండాలి, నొప్పి సంగతి తెలిసిన నర్సు ఉండాలి. రేడియేషన్ కావాల్సిన వాళ్ల కాగితాలు, స్కాన్లు ముందే పెద్దాసుపత్రికి పంపి తారీఖు తీసుకోవాలి. ఒక్క రోజు చాలిన వాళ్లకు అదే రోజు కొలతలు తీసి, అదే రోజు పెట్టి, సాయంత్రానికి పంపేయాలి. రోగికి, తోడుకు ప్రయాణ ఖర్చు ఆరోగ్యశ్రీలోనే కలపాలి. కౌలుదారుకూ, కూలీకీ పాసు పుస్తకం అడక్కుండా ఇవన్నీ అందాలి.

వచ్చే నెల మండల కమిటీలు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ డిమాండ్లను చేర్చాలని కోరుతున్నాం. దాంతో పాటు ప్రతి గ్రామ శాఖా ఒక పని చేయాలి. ఊళ్లో క్యాన్సర్‌తో మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్లండి. నొప్పి ఎంత ఉంది, మార్ఫిన్ ఎవరైనా రాశారా, రేడియేషన్ మాట ఎవరైనా చెప్పారా, చెబితే ఎన్ని రోజులన్నారు, ఎంత అప్పయింది అని అడిగి రాసుకోండి. ఇంట్లోవాళ్లు సరేనంటేనే రాయండి, పేర్లు వద్దు. ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు "ఒక్కసారి పెడితే సరిపోదా డాక్టరుగారూ" అని అడగమని చెప్పండి. రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్ ఉచితమని, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉందని, దానికి ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలని కూడా చెప్పండి. మీరు రాసి పంపిన వివరాలు ముందు పెట్టుకుని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున కూర్చుంటాం.