బంగళా ఎవరిది?

సెలవులు వచ్చాయంటే నంద్యాల, ఆళ్లగడ్డ కుటుంబాల్లో ఊటీ, గోవా అనే మాటలే వినిపిస్తాయి. మేము మరో దారి సూచిస్తాము. నంద్యాల నుండి బనగానపల్లె, అక్కడి నుండి బెలుం, గండికోట చూసుకొని ఆళ్లగడ్డ మీదుగా తిరిగి రావచ్చు. ఒక్క రోజులో తొందరవుతుంది, రెండు రోజులైతే మేలు.

బనగానపల్లె అనగానే మామిడి గుర్తుకొస్తుంది. 1948 వరకు అది నవాబుల సంస్థానమన్న సంగతి ఎందరికి గుర్తుంది? ఊరికి కొంత దూరంలో వారి బంగళా ఉంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009లో విడుదలైన ‘అరుంధతి’ చిత్రాన్ని ఇక్కడ తీశారు. ఆ కథలో ఇది గద్వాల సంస్థానపు కోట. నేడు దారి అడిగేవారికీ చెప్పేవారికీ ఇది ‘అరుంధతి కోట’. కథ గద్వాలది, పేరు కథానాయికది, ఇల్లు నవాబులది. మన పిల్లలకు తెలియనిది ఆ చివరి సంగతే. సినిమాల విషయంలో మా అభిప్రాయం పాఠకులకు తెలుసు, దానిని ఇక్కడ తిరగదోడము. కానీ ఈ బంగళా పేరును సినిమావారు లాక్కొని పోలేదు. దాని చరిత్ర చెప్పవలసిన ఇళ్లలో పెద్దలు మౌనంగా ఉండిపోయారు, ఆ ఖాళీలోకి కథ వచ్చి కూర్చుంది.

బెలుంకు ఆ బాధ లేదు. బిలం అన్న మాటే దాని పేరైంది. నేల కింద పారిన నీరు వేల ఏళ్లపాటు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించి ఈ దారులను తొలిచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తరువాత, 1982, 1983లలో, డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వీటిని కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచినది ఒకటిన్నర కిలోమీటర్లు. అట్టడుగున పాతాళగంగ వద్ద నీరు కనిపించి మళ్లీ నేలలోకి మాయమవుతుంది. అల్లాహ్ సృష్టిని పిల్లలకు చూపించాలనుకునే తల్లిదండ్రులు అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడితే చాలు. లోపల ఉక్కపోత ఎక్కువ, ఉబ్బసం ఉన్నవారు పైనే ఆగడం మంచిది.

ఖస్ర్ గురించి తరచూ అడుగుతుంటారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ప్రయాణ దూరం దాదాపు 77 కిలోమీటర్లు. నంద్యాల నుండి బెలుం వరకే వెళ్లివచ్చేవారు నమాజును పూర్తిగానే చేయాలి. ఇంకా ముందుకు వెళ్లేవారు తమ ఊరి ఆలింను అడిగి బయలుదేరాలి.

గండికోట పేరులోనూ నేలే ఉంది. ఎర్రమల కొండలను పెన్నా చీల్చిన గండి అది. కోటలోని జామియా మసీదును, దాని దగ్గరి ధాన్యాగారాన్ని తప్పక చూడండి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికే వచ్చాడు.

తిరుగు దారిలో ఆళ్లగడ్డ వద్ద టీ కోసం ఆగినప్పుడు పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, చూసిన చోట్ల పేర్లు రాయమనండి. బనగానపల్లె దగ్గర ఏ పేరు రాశారో ఒకసారి చూడండి.