దానమిచ్చిన కణాలు, దోచుకునే చేతులు

'స్టెమ్ సెల్' వైద్యమంటే గర్భస్రావమైన శిశువుల కణాలేనని మనలో కొందరు జంకుతున్నారు. అన్నీ అలా కావు. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన రయాన్‌సిల్ మందును ఆరోగ్యవంతులైన పెద్దవారు దానమిచ్చిన ఎముక మజ్జలోని స్ట్రోమల్ కణాలతో చేస్తారు. మజ్జ మార్పిడి తర్వాత కొత్త కణాలే పిల్లల ఒంటిమీద తిరగబడి, స్టెరాయిడ్లకు లొంగనప్పుడు ఇది ఇస్తారు. రక్తదానంలో లేని పాపం ఇందులో నాకు కనబడదు.

నా బాధ వేరు. ఇదే పేరు చెప్పి ఆటిజానికి, పక్షవాతానికి లక్షలు గుంజేవారున్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, మన దేశంలో నిరూపణ కాని చికిత్సను పరిశోధనగానే చేయాలి. రోగి దగ్గర సొమ్ము తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టేముందు డాక్టరుగారిని అడగండి: ఇది అనుమతి ఉన్న వైద్యమా, పరిశోధనా? పరిశోధనైతే డబ్బెందుకండీ?