యాదిల ఉన్న బాట, నేల మీద ఉన్న బాట



ఈ నెల మాట మొదలుపెట్టే ముందు ఒక్కసారి మీ కాళ్ల కింద చూడండి. పాత చాల్ అయితే ఖోలీల నేలకు బూడిద రంగు బండలు పరిచి ఉంటయి. ఇక్కడోళ్లు శహాబాదీ ఫర్షీ అంటరు. మా దిక్కు నాపబండ అంటం. శహాబాద్ నుంచి తాండూరు దాకా ఉన్న నేలంతా ఈ సున్నపురాయే. కోట్ల ఏండ్ల కింద అక్కడ సముద్రం ఉండేదట. అడుగున పేరుకున్న బురదే పొరలు పొరలుగ గట్టిపడి బండ అయ్యింది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకల్లాగ లేస్తది.

మనం ఊరికి పోయే హైదరాబాద్ బండి కూడ ఆ మెట్ట మీదికెల్లే పోతది. కలబురగి దాటినంక శహాబాద్, వాడి, మల్ఖేడ్, సేడం, తర్వాత తాండూరు. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా ఆ పట్టాలు 1874లో నిజాం కాలంల పడ్డవి. ఇన్నేండ్లు కిటికీల కెల్లి చూసిన ఆ నేల మీద మొన్న డిసెంబర్‌ల మా మనుమడు పరుగెత్తిండు. ఆ సంగతే రాస్తున్న.

నాకు తెలిసిన పరుగు ఒక్కటే, మిల్లు భోంగాకు పరుగు. 1977ల బదిలీ కార్మికునిగ చేరిన. గేటు మూసినంక పోతే ఆ రోజు కూలి లేదు. నాగ్‌పాడా గల్లీల నుంచి గేటు దాకా చెప్పులు చేతిల పట్టుకొని ఉరికిన రోజులున్నయి. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, భోంగా ఆగింది, నా పరుగూ ఆగింది. తర్వాత భివండి పవర్‌లూమ్‌ల మీద నిలబడి నిలబడి మోకాళ్లు పోయినయి.

మా మనుమడు అట్ల కాదు. కాలేజీకి పోతడు, తెల్లారకముందే లేచి మెరైన్ డ్రైవ్ దాకా ఉరికి వస్తడు. జనవరిల జరిగే ముంబై మారథాన్‌ల 21 కిలోమీటర్లు పూర్తి చేసిండు. ఒకనాడు ఫోన్‌ల చూపించిండు. ఫ్రాన్స్ దేశంల మియో అనే పట్నం దగ్గర మన తాండూరు లెక్కనే సున్నపురాయి మెట్టలున్నయి. గొర్లు మేపే నేల, రాతి ఇండ్ల పాత ఊర్లు. 1995 నుంచి అక్కడ ఏటా పరుగు పందెం పెడుతున్నరు. తారు రోడ్డు మీద కాదు, గొర్లు నడిచిన బాటల మీద, ఊరి నుంచి ఊరికి. దాన్ని ట్రైల్ రన్నింగ్ అంటరట.

"తాతా, మన ఊర్ల గిట్ల బాటలు లేవా?" అన్నడు.

"ఎందుకు లేవురా? నేను బొంబాయికి వచ్చిందే ఆ బాట మీద" అన్న.

మా ఊరు తాండూరు నుంచి కొడంగల్ పోయే దిక్కు ఉంటది. అప్పట్ల పాలమూరు జిల్లా, 2016 నుంచి వికారాబాద్ జిల్లా. నా పద్దెనిమిదో ఏట నెత్తి మీద రేకుపెట్టె పెట్టుకొని బండ్ల బాట పట్టుకొని స్టేషన్‌కు నడిచిన. ఆ బాటల ప్రతి మలుపు నాకు యాదికుంది. అదే నేను చేసిన తప్పు.

డిసెంబర్‌ల ఊరికి పోయినం. ముందురోజు రాత్రి మనుమనికి నేనే దారి చెప్పిన. "మర్రిచెట్టు దాటినంక ఎడమకు తిరుగు. బండ్ల బాట సీదా వాగు కాడికి తీసుకపోతది." పొద్దున ఆరు గంటలకు బయలెల్లిండు. మంచు పడుతుండె. కంది చేన్లు మనిషెత్తు ఉండె.

ఏడున్నరకు రావాలె. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. ఫోన్ కలుస్తలేదు. మా తమ్ముని కొడుకు బైకు మీద నన్ను ఎక్కించుకొని పోయిండు. మర్రిచెట్టు దాటి ఎడమకు తిరిగినం. రెండు చేన్లు దాటినంక చూస్తే బాట లేదు. ఇంటెత్తు రాళ్ల కుప్ప ఉంది. దాని మీద మా పిలగాడు, పక్కన ఒక గొర్ల కాపరి కూసోని ఉన్నరు. పిలగాని కాలికి తువాల కట్టి ఉంది.

కుప్ప అవతల బండ తీసిన గుంత. నాలుగు నిలువుల లోతు ఉంటది, అడుగున పచ్చటి నీళ్లు. చుట్టూ కంచె లేదు. బాట మీద పోసిన చెత్తరాళ్లే అనుకొని కుప్ప ఎక్కి అవతలికి దుంకబోయిండట. కాపరి కేక వేస్తే ఆగబోయి జారి పడ్డడు. పలక అంచు కత్తి లెక్క ఉంటది, పిక్క కోసుకుపోయింది. ఆ కేక లేకుంటే ఏమయ్యేదో నేను రాయను, మీకే తెలుసు.

కాపరి నన్ను చూసి అన్నడు: "పెద్దయ్యా, ఈ బాట పోయి ఇరవై ఏండ్లాయె. నువ్వు పిలగానికి ఏ బాట చెప్పినవ్?"

నా దగ్గర జవాబు లేదు. ఊర్ల అంతమంది ఉన్నరు, ఒక్కరినన్న అడిగిన కాదు. నా ఊరు నాకు తెల్వదా అనుకున్న. నలభై ఏడేండ్ల కింద వదిలిన ఊరు అట్లనే కూసోని నా కోసం చూస్తదా?

మొదలు గుంత తవ్వినోళ్ల మీద కోపం వచ్చింది. బాట మీద ఎట్ల తవ్విండ్రు, కంచె ఎందుకు పెట్టలేదు అని. కంచె పెట్టకపోవుడు తప్పే, అది ఎవరైనా అడగాల్సిందే. కాని బండ ఎక్కడికి పోయింది? మన ఖోలీల నేలకు, మోరీ గట్టుకు, చాల్ మెట్లకు గిట్లాంటి గుంతల నుంచే కద వచ్చింది. ఆ గుంతలల్ల పనిచేసేటోళ్లు మన అసొంటోళ్లే. మన ఛాతీల దూది దుమ్ము, వాళ్ల ఛాతీల రాతి దుమ్ము.

రెండు రోజులకు మా మనుమడు లేచి కుంటుకుంటనే తిరిగిండు. ఫ్రాన్స్‌ల బాట పొడవునా రాళ్ల మీద రంగు గుర్తులు పెడతరని ఊరి పిలగాండ్లకు చెప్పిండు. వాళ్లు బకెట్ల సున్నం కలుపుకొని వచ్చిండ్రు. ఆ గొర్ల కాపరిని ముందల పెట్టుకొని నడిచినం, నేనూ కట్టె పట్టుకొని కొంతదూరం పోయిన. గుంతలకు దూరంగ చింతచెట్టు కాడికెల్లి, వాగు గట్టు పట్టుకొని, పక్క ఊరి పాత బురుజు దాకా. ఎనిమిది కిలోమీటర్లు అయ్యిందని ఫోన్ చూపించింది. మలుపు మలుపుకు రాయి మీద సున్నం చుక్క పెట్టిండ్రు. గుంత దిక్కు పోయే కాడ అడ్డగీత గీసిండ్రు.

మన పిల్లలు ఆ దిక్కు పోయి ఉరకాలనుకుంటే నాలుగు మాటలు చెప్పుత:

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఎండకాలం వద్దు, బండ కాలితే పొయ్యి మీది పెనమే, నీడ దొరకదు. సున్నపురాయి నెర్రెలల్లకు నీళ్లు ఇంకిపోతయి, దారిల చెలిమ ఉంటదని నమ్ముకోవద్దు. నీళ్లు వెంట కట్టుకోవాలె. వాన పడ్డ తెల్లారి పోవద్దు, బండ జారుతది, రేగడి బూట్లకు పట్టుకొని కాలు లేవనియ్యదు. బండల లారీలు తిరిగే తారు రోడ్డు మీద ఉరకొద్దు. ఒంటరిగ పోవద్దు. రాళ్ల కుప్ప కనబడితే ఎక్కొద్దు, దాని ఎనుక గుంత ఉందనే అనుకోవాలె.

చూడవలసినవి చాన ఉన్నయి. సేడం దగ్గర మల్ఖేడ్ ఒకప్పుడు మాన్యఖేటం. పదకొండు వందల ఏండ్ల కింద రాష్ట్రకూట రాజులకు రాజధాని. ఇప్పుడు కాగ్నా నది ఒడ్డున కోట మిగిలిన చిన్న ఊరు. తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చింది, ఆ రుచి ఆ నేలదే అంటరు. వచ్చేటప్పుడు రెండు కిలోలు తెచ్చుకోండి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట పెద్దోళ్లకు. మనవళ్లకు ఊరి బాటలు చెప్పండి, చెప్పకుంటే మనతోనే పోతయి. కాని చెప్పినంక, ఊర్ల ఇప్పుడున్నోళ్లను అడిగి పొమ్మని కూడ చెప్పండి.

మొన్న ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వానకు సున్నం గుర్తులు కొట్టుకపోయినయట, పిలగాండ్లు మళ్ల పూసిండ్రట. మా మనుమడు ఈ డిసెంబర్‌ల కూడ పోతనంటున్నడు. ఈసారి దారి నేను చెప్పలేదు. కాపరి నంబర్ ఇచ్చిన.

వచ్చే నెల కలుద్దాం.